చెరువుల చట్టం కోసం తిరగబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. చెరువుల రక్షణకు రాష్ట్రంలో గట్టి చట్టం రావాలని, దానికోసం మీ బృందమంతా ఎమ్మెల్యేలను కలవబోతున్నారని రాశావు. చాలా సంతోషం. తప్పకుండా కలవండి. కాకపోతే బయల్దేరేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మన దగ్గర బిల్లు తలరాత సభలో తేలడం బహు అరుదు. ప్రభుత్వం తెచ్చిన బిల్లు ఒక్కోసారి ప్రవేశపెట్టిన రోజే, కాదంటే మర్నాడే ఆమోదం పొందేస్తుంది. పైగా ఇలా ఓటెయ్యాలని పార్టీ విప్ జారీ చేశాక దాన్ని ధిక్కరించి ఓటేసిన సభ్యుడికి రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు. అలాంటప్పుడు అధికారపక్ష ఎమ్మెల్యేని “ఈ బిల్లును ఓడించండి” అని అడిగితే టీ ఇచ్చి పంపిస్తారు, అంతకుమించి ఏమీ జరగదు. మీ శ్రమలో పెద్ద భాగం బిల్లు సభకు రాకముందు పెట్టాలి. మిగిలినదాంట్లో ఎక్కువ చట్టమయ్యాక నిబంధనలు రాసేటప్పుడు పెట్టాలి.

అసలు చట్టమే ఎందుకు, జీవో చాలదా అని మీలో ఎవరైనా అడిగితే 111 జీవో కథ చెప్పు. హైదరాబాద్ జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద కాలనీలు రాకుండా 1996లో ఇచ్చిన ఉత్తర్వు అది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు సడలించారు. జీవోతో వచ్చిన రక్షణ ఇంకో జీవోతో పోతుంది, సభలో చర్చ అవసరమే ఉండదు. అదే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం మార్చాలంటే సభకు రావలసిందే. తీర్మానం బలం మరీ తక్కువ. కొల్లేరు అభయారణ్యాన్ని ఐదో కాంటూరు (ఎత్తును బట్టి గీసే హద్దు గీత) నుంచి మూడో కాంటూరుకు కుదించాలని ఉమ్మడి రాష్ట్ర శాసనసభ 2008లో తీర్మానం చేసింది. కానీ అభయారణ్యం హద్దు మార్చాలంటే వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ బోర్డు సిఫారసు కావాలి. సభ తీర్మానించినంత మాత్రాన హద్దు జరగదు. నల్లమలలో యురేనియం వద్దని 2019లో తెలంగాణ శాసనసభ చేసిన తీర్మానమూ అంతే, ప్రజల మాటను గట్టిగా వినిపించింది కానీ అది చట్టం కాదు. మీ అర్జీలో ఏం కోరుతున్నారో మొదటి వాక్యంలోనే రాయండి: చట్టమా, సవరణా, తీర్మానమా.

రాష్ట్రానికి ఎంత అధికారం ఉందో కూడా చూసుకోవాలి. నీరు, భూమి రాష్ట్ర జాబితాలో 17, 18 అంశాలు. కాబట్టి చెరువుల మీద రాష్ట్రం నిక్షేపంగా చట్టం చేయవచ్చు. అడవులు, వన్యప్రాణులు మాత్రం రాజ్యాంగ 42వ సవరణతో కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. అక్కడ కేంద్ర చట్టంతో పొసగని రాష్ట్ర చట్టం నిలవాలంటే 254వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. మీ ముసాయిదాలో అటవీ భూమి మాట అనవసరంగా దూరిస్తే బిల్లు ఢిల్లీ దారి పడుతుంది, ఎప్పటికి తిరిగొస్తుందో చెప్పలేం. ఇంకో మెలిక ఉంది. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 252వ అధికరణ కింద, అంటే రాష్ట్రాలు కోరితే వాటికోసం పార్లమెంటు చేసే పద్ధతిలో వచ్చింది. దానికి 2024లో చేసిన సవరణ చాలా నేరాలకు జైలుశిక్ష తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. దాన్ని రాష్ట్రాలు సభలో తీర్మానం చేసి తెచ్చుకోవచ్చు. ఇలాంటి తీర్మానం సభ అజెండాలో ఒక్క వరుసలో కనిపించి వెళ్లిపోతుంది. రోజువారీ అజెండా చదివే బాధ్యత మీలో ఒకరికి అప్పగించు.

ఇక బిల్లు పుట్టే చోటు. సంబంధిత శాఖలో సెక్షన్ ఆఫీసర్ దగ్గర ఫైలు మొదలవుతుంది. కార్యదర్శి దాకా వెళ్లి, న్యాయశాఖ, ఆర్థికశాఖ చూశాక మంత్రివర్గం ముందుకు వస్తుంది. మంత్రివర్గం ఒప్పుకున్నాక కామా మార్చడం కూడా కష్టమే. అందుకే ఫైలు ఇంకా శాఖలో ఉండగానే మీ నోటు అందులో చేరాలి. చేతికిచ్చి నమస్కారం పెట్టి వచ్చేస్తే లాభం లేదు. ఇన్‌వార్డులో, అంటే అర్జీలు నమోదు చేసుకునే విభాగంలో ఇచ్చి, ముద్ర వేసిన నకలు, నంబరు తెచ్చుకోవాలి. పది రోజులాగి ఆ నంబరుతో ఏ సెక్షన్‌కు వెళ్లిందో కనుక్కోవాలి. సమాచార హక్కు దరఖాస్తు కూడా వెయ్యండి, జవాబుకు గడువు 30 రోజులు. మంత్రివర్గ పత్రాలు అడిగితే నిర్ణయం అయ్యేదాకా ఆ చట్టంలోని 8(1)(ఐ) సెక్షన్ చూపించి తిప్పికొడతారు. కాబట్టి వాటి జోలికి పోకుండా శాఖ సేకరించిన సర్వే నివేదికలు, నోటిఫై అయిన చెరువుల జాబితా, ఇతర శాఖల అభిప్రాయాలు అడగండి. ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలు ప్రకటించాలని 4(1)(సి) చెబుతోంది, దాన్ని ఉటంకించండి. ముసాయిదాను 30 రోజులు ప్రజల ముందుంచాలన్న 2014 నాటి విధానం కేంద్రానిది, రాష్ట్రాన్ని కట్టిపడేయదు. అయినా “అక్కడ పాటించాలన్నది ఇక్కడా పాటించండి” అని అడగడంలో తప్పులేదు.

బిల్లు చేతికి వచ్చాక అసలు పని. శాసనసభ వెబ్‌సైట్‌లో ఆలస్యమైతే ప్రతిపక్ష శాసనసభా పక్ష కార్యాలయంలో అడగండి, సభ్యులకు పంచిన ప్రతి దొరకవచ్చు. చివరి నుంచి చదవడం అలవాటు చేసుకో. చివర్లో ఉద్దేశాలు, కారణాల వివరణ ఉంటుంది, ఎందుకు తెచ్చారో అక్కడ తెలుస్తుంది. ఆర్థిక మెమోరాండంలో “అదనపు వ్యయం ఏమీ లేదు” అని ఉంటే, కొత్త సిబ్బంది ఎవరూ రారని అర్థం. సర్వేయర్లు లేకుండా హద్దులెవరు వేస్తారని అడగడానికి మీకు అదే ఆధారం. ఆ తర్వాత నిర్వచనాలకు రా. చట్టం ప్రాణం అక్కడే ఉంటుంది.

ఉదాహరణకు బిల్లులో ఇలా ఉందనుకుందాం: “నోటిఫై చేసిన చెరువు ఎఫ్‌టీఎల్ పరిధిలో ఏ వ్యక్తీ శాశ్వత నిర్మాణం చేపట్టరాదు.” ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం. ఈ వాక్యం పైకి కట్టుదిట్టంగా కనిపిస్తుంది. నిదానంగా చూడు. “నోటిఫై చేసిన” అన్నందువల్ల ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిపోయి తుది నోటిఫికేషన్ రాని చెరువు బయటపడిపోవచ్చు. “శాశ్వత” అన్నందువల్ల రేకుల షెడ్డు, మట్టి పూడిక, ప్రహరీ దొరకకుండా పోతాయి. చెరువును చంపేది ముందు మట్టి లారీలే కదా, భవనం తర్వాతెప్పుడో వస్తుంది. “ఎఫ్‌టీఎల్ పరిధిలో” అని ఆగిపోయినందువల్ల దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ ఊసే లేదు. 2012 నాటి 168 జీవోలో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు అని ఉంది. అది చట్టంలోకి ఎక్కకపోతే మళ్లీ జీవో దయ మీదే ఆధారం. చెరువులోకి నీరు తెచ్చే కాలువ ప్రస్తావనా లేదు. కాలువ మూసేస్తే చెరువు ఎండుతుంది, ఎండిన చెరువు ప్లాటవుతుంది.

ఇప్పుడు సవరణ రాయాలి. “చెరువులను మరింత సమర్థంగా కాపాడాలి” అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా రాయాలి: “3వ క్లాజులో ‘శాశ్వత నిర్మాణం’ అన్న మాటల స్థానంలో ‘ఏ విధమైన నిర్మాణం, పూడిక, ప్రహరీ లేదా నీటి ప్రవాహానికి అడ్డంకి’ అని ఉంచాలి.” అలాగే చెరువు నిర్వచనంలో “రెవెన్యూ లేదా నీటిపారుదల రికార్డుల్లో చెరువు, కుంటగా నమోదైన ప్రతిదీ, దాని కట్ట, అలుగు, తూము, శిఖం, వచ్చే పోయే కాలువలతో సహా” అని చేర్చమనండి. సభ్యుడు దాన్ని యథాతథంగా సవరణ నోటీసులో పెట్టుకోగలగాలి.

“చేయవచ్చు” అన్నచోట “చేయాలి” పెట్టడం, “ప్రభుత్వం మినహాయించవచ్చు” అన్న క్లాజుకు కారణాలు రాతపూర్వకంగా ప్రకటించాలన్న షరతు చేర్చడం చిన్నవిగా కనిపిస్తాయి కానీ చాలా విలువైనవి. శిక్షల క్లాజులో ఒకేసారి కట్టే జరిమానా మాత్రమే ఉంటే దాన్ని లాభంలో ఖర్చుగా రాసుకుంటారు. ఉల్లంఘన కొనసాగిన ప్రతి రోజుకూ జరిమానా, చెరువును పూర్వస్థితికి తెచ్చే ఖర్చు కూడా అడగండి. ఫిర్యాదు అధికారి మాత్రమే చేయాలని ఉంటే అది ప్రమాదం. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం 19వ సెక్షన్‌లో 60 రోజుల నోటీసు ఇచ్చి ఏ పౌరుడైనా కోర్టుకు ఫిర్యాదు చేసే వీలు పెట్టారు. అలాంటిది ఇక్కడా కావాలనండి. నాకైతే అన్నిటికన్నా ఇదే ముఖ్యం. అధికారి కదలనప్పుడు ఊరివాళ్లకు మిగిలే దారి అదొక్కటే.

మీ నోటు రెండు పేజీలు దాటకూడదు. తెలుగులో ఒక నోటు, ఇంగ్లీషులో ఒక నోటు. ఎందుకంటే సభ్యుడు తెలుగులో మాట్లాడతాడు, న్యాయశాఖ ముసాయిదాను ఇంగ్లీషులో చూస్తుంది. పై పేజీలో కోరే మూడు సవరణలు, వెనక పేజీలో ఆయన నియోజకవర్గంలోని ఒక్క చెరువు సంగతి: పేరు, సర్వే నంబర్లు, రికార్డులో విస్తీర్ణం, ఇప్పుడు మిగిలింది, తేదీలున్న రెండు ఫొటోలు. సర్వే నంబరు ఒక్కటి తప్పు పడినా మిగతాదంతా చెత్తబుట్టలోకే, కాబట్టి పంపేముందు ఇద్దరు వేర్వేరుగా సరిచూడండి.

ఎమ్మెల్యేను సమావేశాల్లేనప్పుడు, సొంత ఊళ్లో కలవండి. పీఏకి ముందురోజు ఫోన్ చేసి, నలుగురికి మించకుండా వెళ్లండి, ఆయన ఓటర్లే వెళ్లాలి. అధికారపక్షం సభ్యుణ్ణి మంత్రికి లేఖ రాయమనండి, పార్టీ లోపల మాట వెయ్యమనండి. ప్రతిపక్షం వాళ్లను సవరణ నోటీసు ఇవ్వమనండి, బిల్లును క్షుణ్ణంగా పరిశీలించే సభ్యుల సెలెక్ట్ కమిటీకి పంపాలని కోరమనండి. ఎవరినైనా ప్రశ్న వెయ్యమనవచ్చు. “చెరువుల పరిస్థితి ఏమిటి” అని కాక, “జిల్లాలవారీగా తుది నోటిఫికేషన్ అయిన చెరువులెన్ని, కానివి ఎన్ని” అని వెయ్యాలి. సభలో మంత్రి ఇచ్చిన అంకె తర్వాత కోర్టులోనూ పనికొస్తుంది. శాసనమండలిని చాలామంది పట్టించుకోరు. మన రెండు రాష్ట్రాల్లోనూ మండలి ఉంది, తెలంగాణలో 40 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 58 మంది. ద్రవ్య బిల్లు (పన్నులు, ఖర్చుల బిల్లు) కాకపోతే మండలి మూడు నెలలు ఆపగలదు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల. పట్టభద్రుల, ఉపాధ్యాయ స్థానాల సభ్యులకు క్లాజులవారీగా చదివి మాట్లాడే ఓపిక తరచూ ఎక్కువ.

ఒక్క విషయంలో నీతో గట్టిగా చెప్పాలి తల్లీ. ఎఫ్‌టీఎల్‌లో పట్టాలున్న చిన్న రైతులుంటారు, నీరు తగ్గాక సాగు చేసుకునేవాళ్లు. మత్స్యకారుల సంఘాలుంటాయి. వాళ్లతో మాట్లాడకుండా ముసాయిదా రాస్తే, రేపు కబ్జాదారులు వాళ్లనే ముందు నిలబెట్టి మీ బిల్లును పేదల వ్యతిరేక బిల్లంటారు. అది వ్యూహం కోసం చెప్పే మాట కూడా కాదు. ఆ నీటితో బతికేవాళ్లు వాళ్లే. సాగుకు, చేపలకు అనుమతి, నిర్మాణానికి నిషేధం అని విడమరిచి రాయండి, దాన్ని వాళ్లకు చదివి వినిపించండి.

ఒకే వాక్యం వెయ్యిమంది చేత పంపించడం, తెలియని అంకె చెప్పడం, గ్యాలరీలో ప్లకార్డు ఎత్తడం, ఈ మూడూ వద్దు. చివరిదానికి సభాహక్కుల చిక్కు కూడా ఉంటుంది.

బిల్లు నెగ్గి గవర్నర్ సంతకమయ్యాక గెజిట్‌లో మొదటి సెక్షన్ చూడు. “ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి” అని ఉంటే చట్టం ఇంకా నిద్రలోనే ఉంది. ఆ తేదీ కోసం, నిబంధనల కోసం మళ్లీ అదే ఇన్‌వార్డు, అదే సెక్షన్ ఆఫీసర్. అక్కడే రుసుములు, ఫారాలు, కమిటీలో ఎవరు కూర్చోవాలి అన్నవి తేలతాయి. ముసాయిదా నిబంధనలపై అభ్యంతరాలకు గడువిస్తే ఆఖరి రోజు దాకా ఆగకుండా పంపు. ఫిబ్రవరి, మార్చిలో బడ్జెట్ పద్దులు వచ్చినప్పుడు ఆ చట్టం పేరు మీద ఎంత కేటాయించారో వెతుకు. ఏమీ లేకపోతే, పద్దులో కోత కోరుతూ ప్రభుత్వాన్ని నిలదీసే కోత తీర్మానం ఇమ్మని ప్రతిపక్ష సభ్యుణ్ణి అడుగు.

ముసాయిదా సిద్ధమయ్యాక నాకు పంపు, నిర్వచనాల క్లాజు నేనూ ఒకసారి చదువుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న