పిల్లల పోషణ మీద పరిశోధన చేస్తానంటోంది, లాంగ్ టర్మ్‌లో చేర్పించాలా?

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా బిడ్డ ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. సెలవుల్లో నాతో సెంటర్‌కు వచ్చి పిల్లల్ని తూకం వేసేటప్పుడు సాయం చేసింది. "అందరికీ అదే అన్నం, అదే గుడ్డు పెడుతున్నావు కదమ్మా, మరి కొందరే ఎందుకు ఎదగడం లేదు?" అని అడిగింది. అప్పటి నుంచి పిల్లల తిండి, ఆరోగ్యం మీద పరిశోధన చేస్తానంటోంది. వాళ్ల నాన్నేమో అప్పు చేసైనా నీట్‌కు మళ్లీ కోచింగ్ ఇచ్చే లాంగ్ టర్మ్‌లో వేద్దాం, ముందు డాక్టర్ కానీయి అంటున్నారు. పరిశోధన చదివితే ఉద్యోగం దొరుకుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టేసింది మీ బిడ్డ అడిగిన ఆ ఒక్క ప్రశ్న. అది చిన్నపిల్ల సందేహం కాదు. పోషకాహార శాస్త్రంలో పెద్ద పెద్దవాళ్లు ఏళ్ల తరబడి వెతుకుతున్న ప్రశ్న అదే. సెంటర్‌లో పెట్టే తిండి ఒకటే అయినా పిల్ల పుట్టినప్పటి బరువు ఒకటి కాదు, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఒంట్లో ఉన్న రక్తం ఒకటి కాదు. ఒక పిల్లకు నెలకోసారి విరేచనాలు పట్టుకుంటాయి, ఇంకో పిల్లకు ఇచ్చిన బాలామృతం ప్యాకెట్ ఇంట్లో నలుగురు పంచుకుంటారు. ఎదుగుదలలో ఎక్కువ నష్టం రెండేళ్లు నిండేలోపే జరిగిపోతుంది. మూడేళ్లకు మీ దగ్గర కూర్చునే పిల్ల ఆ నష్టాన్ని వెంట తెచ్చుకునే వస్తుంది. మీ బిడ్డ తూకం కాంటా ముందు నిలబడి దీన్ని పట్టుకుంది.

మీకు ఒక సంగతి చెప్పాలి, మీ పనికి సంబంధించింది కాబట్టి. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ దగ్గరి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఒక అధ్యయనం జరిగింది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు ఐసీడీఎస్, అంటే మీ అంగన్‌వాడీలు నడిచే పథకం కింద అదనపు ఆహారం అందింది. పక్కనే ఉన్న మరో 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక, 2003–05లో మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. అంతకంటే ముఖ్యం, తర్వాత షుగర్, గుండె జబ్బులకు దారితీసే కొన్ని గుర్తులు వాళ్లలో తక్కువగా కనిపించాయి. 2008లో ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మీరు రోజూ వడ్డించే అన్నానికి పదిహేనేళ్ల తర్వాత ఎంత విలువ ఉంటుందో ఎవరో ఓపిగ్గా కొలిచారు కాబట్టే ప్రపంచానికి తెలిసింది. మీ బిడ్డ చేస్తానంటున్న పని ఇదే. ఊరూరా తిరగాలి, తల్లులతో మాట్లాడాలి, కొలవాలి, మళ్లీ కొలవాలి. తెల్లకోటు వేసుకుని గాజు గొట్టాల ముందు కూర్చోవడం అందులో చిన్న భాగం మాత్రమే.

ఇలాంటి పనికి మన జిల్లాలో అవసరం తక్కువేం లేదు. నేను చండూరు వైపు చదువుకున్నాను. మా తరగతిలో ఒకమ్మాయి నవ్వొచ్చినప్పుడల్లా పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది, పళ్లు గోధుమరంగులోకి మారాయని. అది బోరు నీళ్ల ఫ్లోరైడ్ పని అని మాకు చెప్పినవాళ్లు లేరు. ఫ్లోరైడ్ తీసేందుకు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేస్తే దానికి మన జిల్లా పేరే పెట్టారు, 'నల్లగొండ టెక్నిక్' అని. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే వాడారు. నీళ్లతో పాటు తిండి సంగతి కూడా ఇందులో ఉంది. కాల్షియం తక్కువ తినే పిల్లల ఎముకల్ని ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఇప్పుడు మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, నిజమే. ఆ నీళ్లు తాగుతూ పుట్టి పెరిగిన పిల్లల పళ్లు, ఎముకలు, ఎత్తు వాళ్ల అన్నలు, అక్కల కంటే ఎంత మెరుగ్గా ఉన్నాయో ఊరూరా లెక్క తీయడం మన పిల్లలు చేయాల్సిన పని కాదా?

ఇంకో మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకు ముందు సర్వేలో ఇది 28 శాతం దగ్గర ఉండేది. ఆర్నెల్ల నుంచి అయిదేళ్ల పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక అసలు విషయం, లాంగ్ టర్మ్. మీ బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చాయో రాయలేదు. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నిరుటి సీట్ల కేటాయింపు జాబితాలో మీ కేటగిరీలో ప్రభుత్వ కాలేజీ సీటు వచ్చిన చివరి ర్యాంకు ఎంతో చూడండి. దానికి దగ్గర్లో ఆగిపోయి ఉంటే, బిడ్డ కూడా మనస్ఫూర్తిగా సరే అంటే, ఒక్క ఏడాది ఇవ్వండి. ఒక్కటే. చాలా దూరంలో ఉంటే మాత్రం అప్పు చేయకండి, ఈ ఏడాదే డిగ్రీలో చేర్పించండి. కొన్నేళ్ల కిందట దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక తండ్రికి "ఇంకో ఏడు చూడండి" అని మూడుసార్లు చెప్పాను. ఆ అబ్బాయి మూడో ఏడాది చివర్లో పుస్తకం ముట్టుకోవడమే మానేశాడు. ఆ తప్పు నాది. అందుకే ఇప్పుడు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఎంబీబీఎస్ వస్తే చాలా మంచిది. నేను ఇంటర్ చదివే రోజుల్లో మన వైపు ప్రభుత్వ మెడికల్ కాలేజీయే లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో మొదలయ్యాయి. బీబీనగర్ ఎయిమ్స్ ఉండనే ఉంది. ఇప్పటి సిలబస్‌లో ప్రతి విద్యార్థీ ఊళ్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువుతున్నంత కాలం వాళ్ల ఆరోగ్యం చూసుకోవాలి. పరిశోధన మీద మనసున్న పిల్లకు ఇది తొలి అడుగు లాంటిది. చదువుతూనే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. 1979 నుంచి ఉన్న పథకం, రెండు నెలల చిన్న పరిశోధన, స్టైపెండ్ కూడా ఇస్తారు. ఆ తర్వాత పీడియాట్రిక్స్‌లోనో కమ్యూనిటీ మెడిసిన్‌లోనో ఎండీ. అన్నీ కలిపి తొమ్మిదేళ్ల దాకా పడుతుందని లెక్కలో పెట్టుకోండి.

వైద్యవిద్య మీదే పరిశోధన చేసేవాళ్లు కూడా ఉన్నారని చాలామందికి తెలియదు. డాక్టర్లకు పోషకాహారం గురించి ఎంత నేర్పుతున్నారని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, చాలా తక్కువని తేలింది. 2019లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ అనే పరిశోధన పత్రికలో ఇది వచ్చింది. మీ సెంటర్ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్తే మందు రాసిన డాక్టర్ "పాప ఏం తింటోందమ్మా?" అని అడిగారా? ఆ మాట అడిగేలా డాక్టర్లను తయారుచేయడం ఎలా అన్నది కూడా ఒక పరిశోధనే.

మెడిసిన్ రాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. ఈ మాట వాళ్ల నాన్నగారికి చదివి వినిపించండి. న్యూట్రిషన్ ఉన్న బీఎస్సీ గానీ, హోంసైన్స్ గానీ చదవొచ్చు. హైదరాబాద్‌లోని కొన్ని మహిళా కాలేజీల్లో ఈ గ్రూపులున్నాయి, హాస్టల్ దొరుకుతుందా లేదా అన్నది ముందే కనుక్కోండి. అక్కడి నుంచి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ. అక్కడ ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. లేదంటే పబ్లిక్ హెల్త్‌లో పీజీ, ఎంపీహెచ్ అంటారు, దానికి ఎంబీబీఎస్ తప్పనిసరి కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. యూజీసీ నెట్‌లో హోంసైన్స్ ఒక సబ్జెక్టు. అందులో జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. సర్వే, ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. ప్రాజెక్టు అయిపోతే ఇంకోటి వెతుక్కోవాలి. పీహెచ్‌డీ లేకుండా పర్మినెంట్ శాస్త్రవేత్త ఉద్యోగం కష్టం. కానీ మీ శాఖలోనే సూపర్‌వైజర్, సీడీపీవో పోస్టులున్నాయి, ఇలాంటి డిగ్రీలు వాటికి పనికొస్తాయి. 2022లో టీఎస్‌పీఎస్సీ 181 సూపర్‌వైజర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఆసుపత్రుల్లో డైటీషియన్లు కావాలి, కాలేజీల్లో లెక్చరర్లు కావాలి.

అడ్మిషన్ల హడావుడి మొదలయ్యేలోపు ఒక పని చేయించండి. వచ్చే తూకం రోజు మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలవాలి, ఆ పైన వాళ్లను నిలబెట్టి కొలవాలి. ఒకే పిల్లను రెండు రకాలుగా కొలిస్తే సగటున 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. చెప్పులు తీయకపోయినా, మడమలు గోడకు ఆనకపోయినా అంకె మారుతుంది. మీరు కొలిచాక ఆమెను మళ్లీ విడిగా కొలవమనండి. ఇద్దరి అంకెలూ కలిశాయా? కలవకపోతే ఎందుకు? మూడు నెలలు ఇదే చేయనివ్వండి. విసుక్కోకుండా చేస్తే ఈ చదువు ఆమెకు సరిపోతుంది. ప్రశ్న నచ్చి కొలతలు నచ్చకపోతే అదీ ఇప్పుడే తెలిసిపోతుంది. రిజిస్టర్‌లో, యాప్‌లో నమోదు మాత్రం మీ కొలతే చేయండి. పిల్లల పేర్లు, ఇళ్ల వివరాలు ఆమె నోటు పుస్తకంలోకి ఎక్కనీయకండి, ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసుకోమనండి. తల్లికి ఒక మాట చెప్పి, ఆమె సరే అన్నాకే పిల్లను రెండోసారి కొలవమనండి.