పచ్చిక కొండల మీద ఒక వారం: మేనకోడలికి లేఖ

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అయిన మేనకోడలికి, మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

మీరిద్దరూ పిల్లలనూ మీ అత్తగారినీ తీసుకుని స్విట్జర్లాండులోని బెర్నీస్ ఓబర్లాండ్ కొండలకు వారం రోజుల సెలవు మీద వెళ్లాలనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన పట్టికలో ఆ ఏడు రోజులకూ నాలుగు ఊళ్లు, మూడు శిఖరాలు, రెండు సరస్సులు ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టి, ఒకే ఊళ్లో దిగి, ఆ చుట్టుపక్కల పచ్చిక కొండల మీద తీరికగా నడవమని చెప్పడానికే ఈ ఉత్తరం. సామాను సర్దుకుని, ఒక కొండ దిగి, రైళ్లు మారి, మరో కొండెక్కి కొత్త బసకు చేరేసరికి సగం పగలు గడిచిపోతుంది. పైగా అక్కడి వాతావరణం గంటల్లో మారుతుంది గనుక, ఊరికొక్క రోజు చొప్పున కేటాయించుకున్నవారు ఆ రోజు మబ్బు కమ్మితే శిఖరాన్ని చూడకుండానే వెళ్లవలసి వస్తుంది. ఒకచోట ఉన్నవారు మబ్బు రోజున లోయలోని జలపాతాలు చూసి, ఆకాశం తేటపడిన రోజున పైకి వెళ్లగలరు.

ఏ ఊరు అంటావా? లౌటర్‌బ్రున్నెన్ లోయకు రెండు పక్కలా నిలువెత్తు రాతి గోడలున్నాయి. తూర్పు గోడకు పైన 1,274 మీటర్ల ఎత్తున వెంగెన్, పడమటి గోడకు పైన 1,638 మీటర్ల ఎత్తున మ్యూరెన్ ఉన్నాయి. సందర్శకుల కార్లు రెండింటికీ వెళ్లవు. అందుకే అక్కడ పిల్లలను వీధిలోకి నిశ్చింతగా వదలవచ్చు. మ్యూరెన్ నుంచి ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ ఎదురుగా కనబడతాయన్నది నిజమే, కానీ లౌటర్‌బ్రున్నెన్ నుంచి అక్కడికి వెళ్లాలంటే కేబుల్ కారెక్కి, గ్రూట్షాల్ప్ దగ్గర మరో చిన్న రైలు పట్టుకోవాలి. వెంగెన్‌కైతే పట్టాల నడుమ పళ్లబద్ద ఉండే కొండ రైలు పావుగంటలో నేరుగా ఊరి మధ్యకు చేరుస్తుంది. మీ అత్తగారి మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని నేను వెంగెన్‌నే ఎంచుకుంటాను. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషనులో మాత్రం రైలు పెట్టె మీది బోర్డు చదివి ఎక్కండి. అక్కడ బయలుదేరే రైలు త్స్వైల్యూట్షినెన్‌లో రెండుగా విడిపోయి, ఒక భాగం లౌటర్‌బ్రున్నెన్‌కూ మరొకటి గ్రిండెల్‌వాల్డ్‌కూ వెళుతుంది.

ఊరికన్నా ముందుగా తేల్చుకోవలసింది నెల. పిల్లల సెలవులు మే నెలలోనే ఉన్నాయని రాశావు. మే నెలలో లోయలు పచ్చగా, పూలతో కన్నులపండువుగా ఉంటాయి, కానీ ఎత్తయిన బాటల మీద మంచు ఇంకా కరగదు, చాలా కేబుల్ కార్లను మరమ్మతుల కోసం ఆపుతారు, హోటళ్లలో కొన్ని మూసి ఉంటాయి. రెండు వేల మీటర్ల పైన ఉన్న బాటలు జూన్ రెండో సగానికి గాని నమ్మకంగా తెరుచుకోవు. మీరు వెళుతున్నది పచ్చిక బయళ్ల కోసమే గనుక, ఎలాగైనా సెలవు సర్దుకుని జూన్ చివర నుంచి సెప్టెంబరు మధ్య వరకూ ఉన్న కాలంలోనే వెళ్లండి. పిల్లల చదువు అడ్డురాకపోతే నా ఓటు సెప్టెంబరు మొదటి పక్షానికి: జులై, ఆగస్టు నెలల్లో సాయంత్రాలు తరచుగా వచ్చే ఉరుములు అప్పటికి తగ్గుతాయి, జనం పలచబడతారు, పశువులు ఇంకా చాలావరకు కొండ మీదే ఉంటాయి. పశువులు పైన ఉన్న రోజుల్లో వెళ్లడానికీ, లేనప్పుడు వెళ్లడానికీ ఉన్న తేడా చాలా పెద్దది. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి.

ఆ కొండలు అంత పచ్చగా ఉన్నది ప్రకృతి ఒక్కదాని వల్లనే కాదు. అడవి పెరగగలిగిన ఎత్తుల్లో కూడా మనుషులు శతాబ్దాలుగా చెట్లు నరికి, పశువులను మేపి, ఏటేటా పొదలు కొట్టివేస్తూ ఉండడం వల్లనే ఆ బయళ్లు నిలిచి ఉన్నాయి. మే చివరలోనో జూన్‌లోనో మందలు పైకి బయలుదేరి, గడ్డి ఎదిగే కొద్దీ ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎక్కుతూ, దాదాపు వంద రోజులు అక్కడ మేసి, సెప్టెంబరులో దిగివస్తాయి. దిగేటప్పుడు ఆవుల తలలకు పూలు కట్టి, మెడలకు పెద్ద గంటలు వేసి ఊళ్ల మీదుగా నడిపిస్తారు. ఈ మేత కాలపు సంప్రదాయాన్ని యునెస్కో 2023లో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మేత భూములు అనేకచోట్ల ఉమ్మడి సొత్తు. ఎవరు ఎన్ని పశువులను పంపవచ్చన్న దానికి పాత కట్టుబాట్లున్నాయి. పక్కనున్న వాలే రాష్ట్రంలోని ట్యోర్బెల్ గ్రామంలో, చలికాలంలో తన మేతతో పోషించుకోగలిగినన్ని ఆవులను మాత్రమే ఎవరైనా కొండకు పంపాలని 1517 నాటి కట్టుబాటు ఒకటి ఉంది. ఆ నియమాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఆ రైతుల మీద గౌరవం పెరుగుతుంది.

ఆ లెక్క తెలిస్తే, కోయని గడ్డిలోకి అడుగు పెట్టవద్దని ఎందుకు అంటారో పిల్లలకు చెప్పడం తేలిక. ఊరి చుట్టూ మోకాలెత్తున పూలతో ఊగే గడ్డి, పశువులకు చలికాలపు మేత. తొక్కిన గడ్డి వాలిపోయి కోతకు అందదు. నిటారు వాలుల్లో యంత్రం వెళ్లలేనిచోట ఇప్పటికీ పొడవాటి కొడవళ్లతోనే కోస్తారు. కాబట్టి ఫొటో కోసమైనా బాట దిగవద్దు. దారికి అడ్డంగా తడికో, విద్యుత్ తీగ కంచో ఉంటే, పిడి పట్టుకుని తెరిచి, దాటిన వెంటనే మళ్లీ మూయండి. దూడలున్న ఆవుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. అవి చూడడానికి సాధువుగా ఉన్నా దూడకు హాని అనుకుంటే మీద పడతాయి. ఏటా ఆల్ప్స్‌లో ఇలాంటి దాడులు జరుగుతూనే ఉన్నాయి. దూడను నిమరనివ్వవద్దు, మంద మధ్యగా వెళ్లవద్దు, వీలైనంత దూరంగా చుట్టూ తిరిగి ప్రశాంతంగా నడవండి. ఆవు తల వంచి బుసకొడితే దాని వైపే తిరిగి ఉండి మెల్లగా వెనక్కి జరగాలి గాని వీపు చూపి పరుగెత్తకూడదు.

నడక బాటల గుర్తులు అక్కడ చాలా స్పష్టంగా ఉంటాయి. పసుపు గుర్తున్నది మామూలు బాట, అందరూ నడవవచ్చు. తెలుపు, ఎరుపు, తెలుపు పట్టీలున్నది కొండ బాట. దానికి పట్టున్న బూట్లు, తల తిరగని స్వభావం కావాలి. తెలుపు, నీలం, తెలుపు పట్టీలు కనబడితే వెనుదిరగండి, అది తాళ్లు పట్టి ఎక్కే అనుభవజ్ఞులకు. బోర్డు మీది సమయంలో విశ్రాంతి కలపరు. పిల్లలతో వెళ్లేవారు దానికి సగం అదనంగా వేసుకోవాలి. మీకు నేను చెప్పే మొదటి నడక మెన్లిఖెన్ నుంచి క్లైనె షైడెగ్ వరకు. వెంగెన్ నుంచి కేబుల్ కారు మిమ్మల్ని పైకి చేరుస్తుంది, అక్కడ నుంచి నాలుగున్నర కిలోమీటర్ల బాట ఎక్కువభాగం వాలుగా దిగుతుంది, ఐగర్ ఉత్తర ముఖం దారిపొడవునా ఎదుటే ఉంటుంది. మీ అత్తగారు వెంగెన్ నుంచి రైలులోనే 2,061 మీటర్ల ఎత్తునున్న క్లైనె షైడెగ్‌కు వచ్చి మీ కోసం కూర్చోవచ్చు. రెండోది గ్రూట్షాల్ప్ నుంచి వింటరెగ్ మీదుగా మ్యూరెన్‌కు. దాదాపు చదునైన బాట, దారిలో వింటరెగ్ దగ్గర చీజ్ చేసే శాల ఉంది. మబ్బు రోజుకు ట్రూమ్మెల్‌బాఖ్ జలపాతాలు ఉంచుకోండి. కొండ లోపల దూకే ఆ హిమానీ జలం సెకనుకు ఇరవై వేల లీటర్ల వరకూ ఉంటుంది. తడి మెట్లు చాలా ఉంటాయి గనుక అత్తగారిని మాత్రం అక్కడికి తీసుకువెళ్లవద్దు.

వేయి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఇంటర్‌లాకెన్‌లో ఇరవై అయిదు ఉన్న రోజున క్లైనె షైడెగ్‌లో పదిహేనే ఉండవచ్చు, గాలి వీస్తే ఇంకా చలి. కాబట్టి మండుటెండలో బయలుదేరినా ఉన్ని చొక్కా, వాన కోటు సంచిలో ఉండాలి. ఎత్తున ఎండ కూడా పదునుగా తగులుతుంది గనుక టోపీలు, సన్‌స్క్రీన్ మరవవద్దు. పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నం రెండు గంటలకల్లా గట్టు దిగిపోవడం వేసవి నియమం. ఉరుము వినబడితే ఒంటరి చెట్టు కింద నిలబడక, దగ్గరలోని ఇంట్లోకో స్టేషనులోకో చేరండి.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే కొండ స్టేషను సంగతి అడిగావు. 1912లో పూర్తయిన ఆ రైలు మార్గం, 3,454 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషను నుంచి కనబడే అలెట్ష్ హిమానీనదం నిజంగా చూడదగ్గవి. కానీ రాయితీ లేకుండా ఒక్కొక్కరికి రెండు వందల ఫ్రాంకులు దాటే టికెట్టు అది. స్విస్ ట్రావెల్ పాస్ వెంగెన్, మ్యూరెన్‌ల వరకే పూర్తిగా చెల్లుతుంది. ఆ పైన రాయితీ మాత్రమే. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతు తక్కువ గనుక మీ అత్తగారు వైద్యుణ్ణి అడగకుండా వెళ్లకూడదు. పైనున్న కెమెరాల దృశ్యం ఫోనులో చూసి, తేటగా ఉందని తెలిశాకే ఆ ఉదయం టికెట్టు కొనండి. మేఘం కమ్మిన రోజున ఆ డబ్బు వృథా.

భోజనం విషయంలో వంటగది ఉన్న షాలే, అంటే కొండ ఊళ్లోని ఇల్లు, అద్దెకు తీసుకోవడమే మంచిది; వేసవిలో చాలా ఇళ్లు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. అక్కడ ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, కాబట్టి శనివారమే పాలు, రొట్టె, కూరగాయలు తెచ్చుకోండి. కొండ మీది గుడిసెల్లో దొరికే చీజ్ తప్పక రుచి చూడదగింది. కిలో చీజ్‌కు సుమారు పది లీటర్ల పాలు పడతాయి. రాగి కొప్పెరలో, కట్టెల మంట మీద కాచేవారు ఇంకా ఉన్నారు. అయితే మీ అత్తగారు శాకాహారి గనుక ఒక సంగతి ఆవిడకు ముందే చెప్పాలి: ఆ పాలను విరగ్గొట్టడానికి సంప్రదాయంగా వాడేది దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్. అలాగే బంగాళాదుంప రోష్టిలోనూ, మాకరోని, దుంపలు, చీజ్ కలిపి వండే ఆల్ప్లర్‌మాగ్రోనెన్‌లోనూ పందిమాంసపు ముక్కలు వేయడం మామూలు. ష్పెక్, అంటే ఆ పందిమాంసం, లేకుండా చేయమని అడిగితే చేసిపెడతారు. ఊళ్లోని రాతి తొట్ల నీళ్లు, తాగరాదని బోర్డు లేకపోతే, నిశ్చింతగా తాగవచ్చు.

బాట మూసిందని బోర్డు కనబడితే మారుమాట లేకుండా వెనక్కి తిరగండి. 2025 మే 28న లోట్షెంటాల్ లోయలో బిర్ఖ్ హిమానీనదం కూలి బ్లాటెన్ గ్రామాన్ని దాదాపు మొత్తంగా పూడ్చివేసింది. కొండ కదులుతోందని ముందే గమనించి సుమారు మూడు వందల మందిని ఖాళీ చేయించడం వల్లనే అంతమంది బతికారు. ఆ హెచ్చరికలు ఇచ్చేవారు కొండను రోజూ కనిపెట్టి చూస్తున్నవారు. ప్రమాదంలో 112కు, హెలికాప్టర్ రక్షణకు 1414కు ఫోను చేయాలి. స్విట్జర్లాండు వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకు ముప్పై వేల యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పనిసరి. కొండ మీది రక్షణ, హెలికాప్టర్ ఖర్చు కూడా అందులో ఉన్నాయో లేదో పత్రం చదివి చూసుకో.

రాత్రి పది దాటాక ఊళ్లో గట్టిగా మాట్లాడవద్దని పిల్లలకు ముందే చెప్పు; బాట మీద ఎదురైన ప్రతివారికీ నమస్కారం చేయడం అక్కడి మర్యాద, ఆ ప్రాంతంలో ‘గ్రూసెఖ్’ అంటారు. వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ ఇవ్వవచ్చు, షాలేలు అంతకంటే ముందే నిండుతాయి. కాబట్టి అల్లుడిగారితో మాట్లాడి తేదీలు తేల్చి ఈ నెలలోనే నాకు రాయి. ఏ వీధిలో ఇల్లు చూసుకుంటే స్టేషనుకు ఎక్కుడు లేకుండా ఉంటుందో పటం మీద గీసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మేనమామ