గ్రామర్ చెకర్ వాడుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఇంగ్లిష్ మెయిల్స్, రిపోర్టులు గ్రామర్లీలో వేసి చూస్కుంటున్నానన్నావు కదా, మంచి పనే, వాడుకో, కాకపోతే తప్పు కింద గీత కనపడగానే టకటకా నొక్కేసుకుంటూ పోవడం మాత్రం మానెయ్. ఎందుకు మార్చమంటోందో చాలావాటికి చిన్న వివరణ ఇస్తుంది, అది చదువు. 'డిస్కస్ అబౌట్' అని రాస్తే అబౌట్ తీసెయ్యమంటుంది, కారణం చదివావా ఇంకోసారి నీ చేత్తో నువ్వే రాయవు, చదవలేదా పదేళ్ళైనా అదే రాస్తావు.

ముందు సెట్టింగ్స్‌లో బ్రిటిష్ ఇంగ్లిషో అమెరికనో ఏదో ఒకటి పెట్టుకో, లేకపోతే 'కలర్'లో యు ఉండాలా వద్దా అని రోజూ గొడవే. రాసేటప్పుడు మాత్రం ఆఫ్ చేసి పెట్టు, వాక్యం సగంలో ఉండగానే గీతలు పడుతుంటే చెప్పాలనుకున్నది కాస్తా ఎగిరిపోతుంది. మొత్తం రాసి, నువ్వోసారి చదువుకుని, అప్పుడు దానికియ్యి.

నాకు అసలు భయం గీత పడని తప్పులతోనే. 'వుయ్ ఆర్ నాట్ అప్రూవింగ్ దిస్' అని రాయబోయి నాట్ బదులు నౌ పడిందనుకో, చివర టీ పోయి డబ్ల్యూ వచ్చింది అంతే, స్పెల్లింగ్ కరెక్టే, గ్రామరూ కరెక్టే, అర్థం మాత్రం పూర్తిగా తలకిందులు. తేదీలూ అంకెలూ కూడా అంతే, 15 బదులు 25 కొట్టినా దానికేం తెలుస్తుంది చెప్పు? అవి నువ్వే పైకి చదువుకుంటూ చూస్కోవాలి.

ఇక స్టైల్ సలహాలు. 1970ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద రైటర్స్ వర్క్‌బెంచ్ అని ఇలాంటి చెకరే ఒకటి చేశారు, అది కూడా ప్యాసివ్ వాక్యాలు (చేసినవాళ్ళని కాకుండా జరిగినదాన్ని ముందు పెట్టేవి) లెక్కపెట్టేది, ఇప్పటివాటికీ ప్యాసివ్ కనపడితే చాలు ఊరుకోవు. ల్యాబ్ రిపోర్టులో 'ద శాంపిల్స్ వర్ హీటెడ్' అని ఉంటే ఉండనీ, వేడి చేసిందెవరో అక్కడ ఎవరిక్కావాలి? అదే సారీ చెప్పే మెయిల్లో 'మిస్టేక్స్ వర్ మేడ్' అని ఉంటే మాత్రం దాని మాట విని 'ఐ' పెట్టి రాయి.

ఇంకోటి, వీటిలో చాలావరకు నువ్వు రాసింది వాళ్ళ సర్వర్‌కి పంపించే చెక్ చేస్తాయి. ఆఫీసు కాంట్రాక్టులు, ఎవరివైనా మెడికల్ వివరాలు అందులో పెట్టకు. లాంగ్వేజ్‌టూల్ అని డేనియల్ నాబర్ మొదలుపెట్టింది ఒకటుంది, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, సర్వర్‌ని నీ సొంత కంప్యూటర్లోనే నడుపుకోవచ్చు, అలాంటివాటికి అది పెట్టుకో, సెటప్‌లో ఎక్కడైనా ఆగిపోతే నాకు ఫోన్ చెయ్.