తాళం వేసిన ఇళ్లు, దాచుకున్న ఆదాయాలు: సర్వే చూశాక ఈ చదువు చదవాలా?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎకనామిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ నా సబ్జెక్టులు. పీజీ చేసి ప్రభుత్వ పథకాల మీద పరిశోధన చేయాలని నా కోరిక. వేసవి సెలవుల్లో ఒక ఏజెన్సీ తరఫున రెండు నెలలు ఇంటింటి సర్వేకి వెళ్లాను. ఆదాయం అడిగితే చాలామంది తగ్గించి చెప్పారు. ఇంటికి తాళం ఉంటే పక్కింట్లో అడిగేయమన్నారు. ఈ లెక్కలు చూసే పథకాలు పెడతారా అని మనసు విరిగిపోయింది. నాన్న డేటా అనలిస్ట్ కోర్సు చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకోమంటున్నారు. తప్పుల తడకగా ఉన్న డేటా మీద చదువుకి విలువ ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, మీ నాన్నగారి మాట దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ తాళం వేసిన ఇంటి సంగతి మాట్లాడుకుందాం.

పాతికేళ్ల కిందట నేనూ మీలాగే మహబూబ్‌నగర్ జిల్లాలో వలసల మీద ఒక సర్వేకి తిరిగాను. ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లమని మాకూ చెప్పారు. ఫిబ్రవరి నెల. ఒక తండాలో వరసగా మూడు ఇళ్లకు తాళాలు. వాకిట్లో ముగ్గు జాడ లేదు. బయట మట్టిపొయ్యి మీద కుండ బోర్లించి ఉంది. పక్కింటి అవ్వను అడిగితే "బొంబాయి పోయిండ్రు బిడ్డా, ఉగాదికి వస్తరు" అంది. నేను ఆ అవ్వ అరుగు మీదే కూర్చుని, ఆ మూడు ఇళ్లకు బదులు ఆమె ఇల్లు, ఆ పక్క రెండు ఇళ్లు రాసుకున్నాను. "మీ ఇంట్లో ఎవరైనా వలస వెళ్లారా?" అన్న ప్రశ్నకు మూడు చోట్లా "లేదు" అని టిక్కు పెట్టాను. వలసల మీద సర్వే చేస్తూ, వలస పోయిన ఇళ్లనే లెక్కలోంచి తీసేశాను. రూల్ ప్రకారమే చేశాను. అయినా ఆ మూడు టిక్కులు నాకు ఈరోజుకీ గుర్తొస్తాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఊళ్లో 100 ఇళ్లు ఎంచుకున్నారనుకోండి. 80 ఇళ్లలో మనుషులు దొరికారు, 20 ఇళ్లకు తాళాలు. దొరికిన 80లో 20 ఇళ్ల నుంచి ఎవరో ఒకరు వలస వెళ్లారు. పక్కింటి పద్ధతిలో, ఆ బదులు ఇళ్లలోనూ ఇదే నిష్పత్తి ఉందనుకుంటే, నివేదికలోకి "25 శాతం" అనే ఒక్క అంకె ఎక్కుతుంది, తాళాల సంగతి ఎవరికీ తెలియదు. తాళాన్ని తాళంగానే రాసుకుంటే? ఆ 20 ఇళ్లలో ఏ ఇంటివాళ్లూ వలస పోలేదనుకున్నా మొత్తం మీద 20 శాతం. అన్ని ఇళ్లవాళ్లూ పోయారనుకుంటే 40 శాతం. అసలు సంఖ్య ఈ రెండింటి మధ్యే ఉండాలి. అవ్వ మాటను బట్టి చూస్తే 40 వైపే ఎక్కువ మొగ్గుతుంది.

వలస వెళ్లే వాళ్ల పిల్లలు బడి మానకుండా ఉండటానికి ఆ ఊళ్లో సీజనల్ హాస్టల్ తెరవాలా వద్దా అన్నది తేల్చాలనుకోండి. 20 శాతం ఇళ్ల నుంచి వలస వెళ్తే చాలు, హాస్టల్ తెరవాలని మనం ముందే ఒప్పుకుని ఉంటే, నిర్ణయం తేలిపోయింది. డేటాలో ఇంత లోటు ఉన్నా జవాబు మారదు. అదే ఎంతమంది పిల్లలకు వంట చేయాలి, ఎన్ని గదులు కావాలి అంటే మాత్రం ఈ డేటా చాలదు. ఉగాది తర్వాత ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లాల్సిందే. ఒకే సర్వే ఒక ప్రశ్నకు సరిపోతుంది, ఇంకో ప్రశ్నకు సరిపోదు. ఏ ప్రశ్నకు ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలిగే మనిషి కావాలి. మీరు చదవాలనుకుంటున్న చదువు అదే.

జనం నిజం చెప్పలేదని బాధపడ్డారు. వాళ్లను తప్పుపట్టకండి. ట్యాబ్ పట్టుకుని వచ్చిన మనిషి ఆదాయం అడిగితే రేషన్ కార్డు పోతుందేమోనని భయం. కాబట్టి తగ్గించే చెబుతారు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. లెక్కలో పేరు లేకపోతే పథకాలు రావేమోనని హైదరాబాద్ నుంచి జనం బస్సుల్లో కిక్కిరిసి సొంత ఊళ్లకు వెళ్లారు. ఒకచోట దాక్కోవాలని, ఇంకోచోట కనిపించాలని. రెండింటికీ కారణం ఉంది, కారణం తెలిస్తే తప్పు ఎటు మొగ్గుతుందో చెప్పవచ్చు. కేంద్ర ప్రభుత్వం దేశమంతా కొన్ని ఇళ్లను ఎంచుకుని చేసే నేషనల్ శాంపిల్ సర్వే పేదరికం లెక్కకు ఆదాయం కాకుండా ఇంటి ఖర్చులు అడుగుతుంది. ఆదాయం కంటే ఖర్చుకు నమ్మదగిన జవాబు వస్తుంది.

ఖర్చు అడగటం మాత్రం తేలికా? "గత 30 రోజుల్లో నూనె ఎంత వాడారు?" అని అడిగి చూడండి. ఆ ఇల్లాలు వేళ్ల మీద ప్యాకెట్లు లెక్కపెడుతుంది, మధ్యలో చుట్టాలు వచ్చిన రోజు గుర్తొచ్చి ఇంకొకటి కలుపుతుంది. ఏడు రోజులకే అడిగితే జ్ఞాపకం తాజాగా ఉంటుంది, కానీ పోయిన వారం కొన్నది కూడా ఈ వారంలో కలిసిపోవచ్చు. చింతపండు, ఎండుమిర్చి చాలా ఇళ్లలో ఎండాకాలంలో ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటారు. సంక్రాంతి వారంలో అడిగితే ఒక లెక్క, ఆషాఢంలో అడిగితే ఇంకో లెక్క.

ఇదేదో చిన్న విషయం అనుకోకండి, దీని మీద దేశమంతా వాదులాడుకుంది. 1993-94లో దేశంలో పేదలు 36 శాతం. 1999-2000 సర్వే వచ్చాక అధికారికంగా 26 శాతానికి తగ్గారన్నారు. ఆరేళ్లలో పది శాతం! 1991 ఆర్థిక సంస్కరణలను సమర్థించే వాళ్లు సంబరపడ్డారు, వ్యతిరేకించే వాళ్లు నమ్మలేదు. అసలు కిటుకు ప్రశ్నాపత్రంలో ఉంది. అంతకుముందు తిండి ఖర్చు 30 రోజులకు అడిగేవారు. ఈసారి అదే ఇంట్లో, పక్కపక్కన గళ్లలో, 7 రోజులకూ 30 రోజులకూ అడిగారు. మనిషి ఏం చేస్తాడు? వారానికి చెప్పిన దానికీ నెలకు చెప్పిన దానికీ పొంతన కుదిరేలా చెబుతాడు. నెల లెక్క పెరిగింది. ఖర్చు పెరిగినట్టు కనబడింది, పేదరికం తగ్గినట్టు కనబడింది.

ఆంగస్ డీటన్ అనే ఆర్థికవేత్త ఆ సర్వేను చెత్తబుట్టలో వేయలేదు. ప్రశ్నాపత్రంలో మారనివి ఏవని వెతికారు. వంటచెరకు, ఇంధనం వంటి కొన్ని ఖర్చులు ముందూ తర్వాతా 30 రోజులకే అడిగారు. వాటి మీద ఎక్కువ ఖర్చు పెట్టే ఇంట్లో మొత్తం ఖర్చు కూడా ఎక్కువగానే ఉంటుంది. పాత సర్వేలో ఆ సంబంధం ఎంతుందో చూసి, దాని సాయంతో 1999-2000లో పేదరికం ఎంత ఉండాలో లెక్కగట్టారు. అధికారిక పేదరిక రేఖలతోనే చూస్తే సుమారు 28, 29 శాతం దగ్గర తేలింది. అంటే పేదరికం తగ్గిన మాట నిజం, చెప్పినంత తగ్గలేదు. ఆ సంబంధం ఆరేళ్లలో మారి ఉండవచ్చని ఆయన లెక్కను ప్రశ్నించిన వాళ్లూ ఉన్నారు, ప్రశ్నించాల్సిందే. అయినా వాదన నీ మాట నా మాట స్థాయి నుంచి, ఏ ఊహ మీద ఏ అంకె నిలబడుతుందన్న దాకా వచ్చింది. వినియోగం, పేదరికం మీద చేసిన కృషికి ఆయనకు 2015లో నోబెల్ వచ్చింది.

పాత కథ అనుకోకండి. 2017-18 ఖర్చుల సర్వే ఫలితాలను నాణ్యత బాగాలేదని ప్రభుత్వం విడుదల చేయలేదు. 2022-23 సర్వేలో ప్రశ్నలు మూడు భాగాలు చేసి ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్లారు. పద్ధతి మెరుగైందనే నా అభిప్రాయం, కానీ అంతకుముందు ఫలితాలు వెలువడిన 2011-12 సర్వేతో నేరుగా పోల్చలేం. ఈ ముడి విప్పే పని ఇంకా చాలా మిగిలి ఉంది.

ఇంకొక్క ఉదాహరణ. 2018 జులై నుంచి డిసెంబర్ దాకా జరిగిన 76వ విడత శాంపిల్ సర్వేలో గ్రామాల్లో 71.3 శాతం ఇళ్లకు మరుగుదొడ్డి అందుబాటులో ఉందని తేలింది. అప్పటి ప్రభుత్వ లెక్కలు అంతకంటే చాలా ఎక్కువ చూపేవి. పెద్ద దుమారమే రేగింది. ఆ నివేదికలోనే ఒక హెచ్చరిక ఉంది: పథకాల లబ్ధి గురించి ముందు అడిగి, మరుగుదొడ్డి గురించి తర్వాత అడిగారు, కాబట్టి జవాబులు ఒకవైపు మొగ్గి ఉండవచ్చు అని. అంటే లబ్ధి వస్తుందన్న ఆశతో ఉన్నా లేదని కొందరు చెప్పి ఉండొచ్చు. ఆ మేరకు 71.3 తక్కువ అంచనా. కానీ ఇంట్లో మరుగుదొడ్డి ఉన్నంత మాత్రాన అందరూ వాడుతున్నట్టు కాదు. తాతయ్య ఇంకా చెరువు గట్టుకే వెళ్తుండవచ్చు, మరుగుదొడ్డిలో పిడకలు పెట్టుకుని ఉండవచ్చు. "మీ ఇంట్లో ఉందా?" అన్నది ఒక ప్రశ్న. "నిన్న మీరు ఎక్కడికి వెళ్లారు?" అని ఒక్కొక్కరినీ అడగటం వేరే ప్రశ్న. ఈ తేడా చూడకుండా అంకెలు విసురుకుంటే ఏ పంచాయతీకీ ఉపయోగం ఉండదు.

క్షేత్రంలో తప్పులు జరుగుతాయని పెద్దవాళ్లకు తెలియదనుకుంటున్నారేమో. మన శాంపిల్ సర్వేకి 1950లో పునాది వేసిన స్టాటిస్టీషియన్ మహలనోబిస్‌కు ఇది బాగా తెలుసు. అందుకే ఒకే ప్రాంతంలో రెండు విడివిడి శాంపిళ్లు తీసి, రెండు వేర్వేరు బృందాలతో సర్వే చేయించి, రెండు జవాబులూ పోల్చేవారు. ఎంత తేడా వస్తే అంత జాగ్రత్త. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి 1941లో కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన మన తెలుగువారు సి.ఆర్. రావుగారు ప్రపంచం గర్వించే స్టాటిస్టీషియన్ అయ్యారు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు.

ఇక దారి. మీ సబ్జెక్టులు దీనికి సరిగ్గా సరిపోతాయి. ఎంఎస్సీ స్టాటిస్టిక్స్‌కు ఉస్మానియా, ఎంఏ ఎకనామిక్స్‌కు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరలోనే ఉన్నాయి. ఇంటి సర్వేలే ఊపిరిగా ఉండే చోటు కావాలంటే ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను నడిపేది వాళ్లే. ప్రభుత్వ ఉద్యోగం అంటే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు, వయసు 21 నుంచి 30. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) డిగ్రీ వాళ్లకు పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకూ మీకు అర్హత ఉంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతలు ఒకసారి సరిచూసుకోండి. మీరు ఎంచుకోమంటే నేను స్టాటిస్టిక్స్ పీజీకే ఓటేస్తాను. ఎకనామిక్స్ తర్వాత చదువుకోవచ్చు, గణితం పునాది తర్వాత వేసుకోవడం కష్టం.

మీ నాన్నగారు తప్పేమీ చెప్పడం లేదు. పరిశోధన ప్రాజెక్టుల్లో మొదట్లో జీతం ఐటీ కంటే తక్కువే, చాలావరకు కాంట్రాక్టు. ఇది దాచిపెట్టి మీకు ఆశ కల్పించను. కానీ డేటా పనికి వాడే ఆర్, పైథాన్, ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలు రెండు దారుల్లోనూ కావాలి. వాటిని ఈ ఏడాదే మొదలుపెట్టండి, నాన్నగారికి ధైర్యంగా ఉంటుంది. ఒక చిన్న ప్రాజెక్టు కూడా చేయండి. కార్మిక శక్తి సర్వే డేటా కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 15 ఏళ్లు, అంతకు పైబడిన మహిళల్లో పనిలో ఉన్న, లేదా పని వెతుక్కుంటున్న వాళ్లు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఈ పెరుగుదలలో ఇంటి పొలంలో, ఇంటి కొట్లో జీతం లేకుండా చేసే వాళ్లు ఎంతమందో విడదీసి చూడండి. డేటా తెరవక ముందు ప్రశ్నాపత్రం, సర్వే సిబ్బందికి ఇచ్చిన సూచనల పుస్తకం చదవండి. మల్టిప్లయర్ (సర్వేలో ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే సంఖ్య) వేయకుండా ఒక్క శాతం కూడా లెక్కగట్టకండి. పది పేజీలు రాసి నాన్నగారికి చూపించండి. ఏ ఇంటర్వ్యూలోనైనా ఆ పది పేజీలు మీ తరఫున మాట్లాడతాయి.

ఒక పని మాత్రం ఈ వారమే చేయండి. మీరు తిరిగిన ఊళ్లలో ఎన్ని ఇళ్లకు తాళాలు ఉన్నాయో, పక్కవాళ్లు వాళ్లు ఎక్కడికి పోయారని చెప్పారో మీకు ఇంకా గుర్తుండే ఉంటుంది. ఎవరి పేర్లూ లేకుండా, ఊరి వారీగా నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి. మీరు రాయకపోతే అది ఇంకెక్కడా ఉండదు.