పాఠకుల ప్రశ్నలు: గ్రూపులో పుట్టిన జవాబును నిలబెట్టుకోవడం ఎలా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు లారీల మరమ్మతు షెడ్డు ఉంది. ఇటీవల గన్నవరం దగ్గర ఒకటి, గుంటూరులో మరొకటి తెరిచాము. మూడు చోట్ల మెకానిక్కులూ, హెల్పర్లూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. రోజంతా సందేశాలు వస్తూనే ఉంటాయి. అయినా ఒక షెడ్డులో పట్టుకున్న లోపాన్నే ఇంకో షెడ్డులో మళ్లీ మొదటినుంచీ వెతుకుతున్నారు. మా పెద్ద మేస్త్రీగారు వచ్చే ఏడాది పని మానేస్తానంటున్నారు. ఆయన పనితనం మాకు మిగలాలంటే ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనడం మంచిదా? – ఒక వర్క్‌షాప్ యజమాని, విజయవాడ

జవాబు: ఇప్పట్లో కొనవద్దనే నా సలహా. మీకు కావలసిన జవాబులు చాలావరకు మీ గ్రూపులోనే పుడుతున్నాయి. కాకపోతే పుట్టిన పూటే శుభోదయాల కింద, విడిభాగాల బిల్లుల కింద, ఎవరిదో పుట్టినరోజు కేకు కింద కూరుకుపోతున్నాయి. 2009లో వచ్చిన వాట్సాప్ మనుషులు మాట్లాడుకోవడానికి తయారైంది. అందులో మాటలు వచ్చిన వరుసలో ఉంటాయే తప్ప విషయం వారీగా సర్దుకొని ఉండవు. పైగా చేతులకు గ్రీజు ఉన్నప్పుడు టైపు చేయడం కుదరదు గనుక మెకానిక్కులు నోటితోనే రికార్డు చేసి పంపుతారు. ఆ రికార్డింగులో ఇంజెక్టర్ ప్రస్తావన పదిసార్లు వచ్చినా, ఆరు నెలల తరవాత సెర్చ్‌లో ‘ఇంజెక్టర్’ అని కొడితే అది దొరకదు. నిన్న చేరిన హెల్పర్‌కు నిరుటి సంభాషణ కనిపించనే కనిపించదు.

ఇలాంటి చిక్కును జిరాక్స్ కంపెనీ ఎప్పుడో చూసింది. ఆ కంపెనీ కాపీ యంత్రాలను బాగుచేసే టెక్నీషియన్ల వెంట 1980లలో జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త తిరిగి, వారు పని ఎలా చేస్తున్నారో, ఎలా నేర్చుకుంటున్నారో గమనించారు. మాన్యువల్‌కు అందని లోపం ఎదురైనప్పుడు, భోజనాల దగ్గరా టీల దగ్గరా ఒకరికొకరు చెప్పుకునే కథల నుంచే వారు పరిష్కారాన్ని లాగుతున్నారని ఆయన గుర్తించారు. ఆ తరవాత 1990లలో కంపెనీ యురేకా అనే వ్యవస్థను తెచ్చింది. టెక్నీషియన్ తాను కనిపెట్టిన కిటుకును రాసి పంపితే, అనుభవజ్ఞులు దాన్ని పరీక్షించి, సరైనదని తేలాకే పంపినవారి పేరుతో సహా అందరికీ అందించేవారు. కిటుకుకు ఇంత అని డబ్బు ఇద్దామన్న ప్రతిపాదనను టెక్నీషియన్లే కాదన్నారు; డబ్బు వస్తుందంటే కిటుకుల లెక్క పెరిగి నాణ్యత పడిపోతుందని వారి వాదన. తోటివారి ముందు తన పేరు కనిపించడమే వారికి చాలింది. మన ఆటోనగర్‌లోనూ ఫలానా పంపు పని ఫలానా మేస్త్రీయే చేయాలన్న పేరుకు ఎంత విలువ ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు.

కనుక గ్రూపును అడగడానికి అలాగే ఉంచండి. ఐదు నిమిషాల్లో జవాబు దొరికే చోటును నియమాలతో బిగించి చెడగొట్టుకోవద్దు. జవాబు ఫలించిన తరవాత దాన్ని ఒక గూగుల్ షీట్‌లోకి ఎక్కించే పనిని మాత్రం ఒక్క మనిషికి, పేరు పెట్టి అప్పగించండి. అందరి బాధ్యత అంటే ఎవరూ చేయరు. బిల్లింగ్ చూసే అమ్మాయి అయినా, చదువుకున్న హెల్పర్ అయినా సాయంత్రం అరగంట కూర్చుంటే సరిపోతుంది.

ఒక వరుస ఎలా ఉండాలో చూడండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాక లారీల పొగ గొట్టంలోకి ఆడ్‌బ్లూ చిమ్మే ఏర్పాటు సాధారణమైంది. అది నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం. నీరు ఆవిరైతే యూరియా మిగిలి గడ్డకడుతుంది. ఆడ్‌బ్లూ ట్యాంకు నిండుగానే ఉన్నా హెచ్చరిక దీపం వెలిగి, బండి లాగకుండా మీ దగ్గరికి వచ్చిందనుకుందాం. షీట్‌లో బండి మోడల్, తిరిగిన కిలోమీటర్లు, స్కానర్ చూపిన కోడ్ రాయాలి. డ్రైవర్ చెప్పిన మాటను ఆయన చెప్పినట్టే, ‘ఎత్తు ఎక్కేటప్పుడు గుంజడం లేదు’ అనే రాయాలి. ఆపైన: ‘నాజిల్ మూతి దగ్గర తెల్లగా గడ్డకట్టి ఉంది, గీకలేదు, గోరువెచ్చటి నీటితో కరిగించి కడిగాము’. తరవాత చేసినవారి పేరు, సరిచూసినవారి పేరు. చివరి గడి వారం పాటు ఖాళీగా ఉంటుంది. వారం తరవాత డ్రైవర్‌కు ఫోన్ చేసి, దీపం మళ్లీ వెలిగిందో లేదో కనుక్కొని దాన్ని నింపాలి. ఆ గడి నిండని వరుసను ఎవరూ నమ్మవద్దని చెప్పండి. బండి షెడ్డు దాటి వెళ్లినంత మాత్రాన లోపం పోయినట్టు కాదని మీ మేస్త్రీగారే మొదట ఒప్పుకుంటారు.

ఇక ఆయన విషయం. కాగితం చేతికిచ్చి ‘మీకు తెలిసిందంతా రాయండి’ అంటే ఎంత పనిమంతుడైనా నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోతాడు. మనకు తెలిసినదంతా మాటల్లో పెట్టలేమన్న సంగతిని మైకేల్ పొలానీ అనే తత్త్వవేత్త 1960లలోనే వివరించారు. ఇంజన్ చప్పుడు విని ఏ సిలిండర్ కొట్టడం లేదో చెప్పే చెవి షీట్‌లోకి ఎక్కదు. దానికి ఒక కుర్రవాణ్ణి ఈ ఏడాదంతా ఆయన పక్కనే నిలబెట్టడం తప్ప దారి లేదు, ఆ కుర్రవాడి జీతం మీకు దండగ అనిపించినా సరే. ఆయన బండి విప్పుతున్నప్పుడు రెండు నిమిషాల వీడియో తీస్తూ, ‘ముందు ఇదే ఎందుకు విప్పారు?’ అని అతను అడగాలి. ఎలా విప్పాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. ఎందుకు అనుమానం వచ్చిందో ఆయన దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: బ్రాడీపేటలో ఒక టాక్స్ కన్సల్టెన్సీలో పని చేస్తున్నాను. ఆఫీసు గ్రూపులో మా సార్ కూడా ఉండడంతో, సందేహం అడిగితే ‘ఇది కూడా తెలియదా’ అంటారని ఎవరమూ నోరు విప్పడం లేదు. సార్ లేకుండా జూనియర్లం వేరే గ్రూపు పెట్టుకోవచ్చా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పెట్టుకోవచ్చునమ్మా, కానీ దానిలో ఒక ప్రమాదం ఉంది. తెలియనివారందరూ ఒకచోట చేరితే తప్పు జవాబును తప్పని చెప్పేవారు ఉండరు. మీ సీనియర్లలో కసురుకోని ఒకరిని అందులోకి తప్పక పిలవండి. జవాబు పక్కన తేదీ వేయడం అలవాటు చేసుకోండి: 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారి, 12, 28 శాతం రేట్లలోని వస్తువులు చాలావరకు 5 లేదా 18 శాతంలోకి వచ్చాయి గనుక, అంతకుముందు గ్రూపులో ఎవరో ఇచ్చిన సరైన జవాబే ఇవాళ నోటీసు తెచ్చిపెట్టవచ్చు. క్లయింట్ పాన్ కార్డులూ, బ్యాంకు స్టేట్‌మెంట్లూ గ్రూపులో పెట్టవద్దు. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లోనే వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, తన బ్యాంకు ఖాతా పది మంది ఫోన్లలో ఉందని తెలిస్తే ఏ క్లయింట్ ఊరుకుంటాడు?

ఈ పత్రిక మీ సార్ చదువుతారని తెలిస్తే ఆయనతో ఒక మాట: వారానికి ఒక సందేహమైనా మీరే గ్రూపులో అడగండి. జూనియర్‌ను అడగండి, జవాబు బాగుంటే అందరి ముందూ ఒప్పుకోండి. మీరు అడగడం చూస్తే మిగిలినవారి బెరుకు చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: మాది మిర్చి ఎగుమతి సంస్థ. వాట్సాప్ వదిలి ఆఫీసు పనికి వేరే యాప్‌కు మారాలనుకుంటున్నాము. ఏది మంచిది? – ఒక మేనేజర్, గుంటూరు

జవాబు: ఇప్పటికే మైక్రోసాఫ్ట్ వారి ఆఫీస్‌కు చందా కడుతుంటే, మీ ప్లానులో టీమ్స్ ఉందేమో ముందు చూసుకోండి. లేకపోతే చెన్నైకి చెందిన జోహో వారి క్లిక్‌ను పరిశీలించండి. స్లాక్ బాగుంటుంది గాని, ఉచిత ప్లానులో 90 రోజులకు మించిన సందేశాలు కనిపించవు. నిరుటి సరుకు నాణ్యత మీద విదేశీ కొనుగోలుదారు అడిగినప్పుడు చూడాల్సినవి సరిగ్గా ఆ పాత సందేశాలే. ఏది ఎంచుకున్నా, సమాచారాన్ని మొత్తంగా బయటికి దించుకోవచ్చో లేదో ముందే కనుక్కోండి. ఫేస్‌బుక్ అంతటి సంస్థ 2016లో ఆఫీసుల కోసం తెచ్చిన వర్క్‌ప్లేస్‌ను మూసేస్తున్నట్టు 2024లో ప్రకటించింది.

ఉద్యోగి మానేసిన రోజునే అతని లాగిన్ తీసివేయగలగడం మీకు వచ్చే పెద్ద లాభం. వాట్సాప్‌లో గ్రూపు నుంచి తొలగించినా, అప్పటిదాకా వచ్చిన ధరలూ, కొనుగోలుదారుల వివరాలూ అతని ఫోన్‌లోనే ఉండిపోతాయి. అయితే యార్డుకు సరుకు వెల్లువలా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం ఈ మార్పు పెట్టుకోకండి. వేసవిలో యార్డుకు సెలవులు ఇచ్చినప్పుడు, ముందు ఒక్క క్వాలిటీ విభాగంతో మొదలుపెట్టండి.