అమ్మ మాట సరే, కాగితం ఏది?

"చిన్నప్పుడు టీకాలన్నీ వేయించామని అమ్మ అంటోంది, మళ్ళీ ఎందుకండీ?" విదేశాలకి కొత్తగా బయల్దేరేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. అమ్మ మాట నిజమే అయ్యుంటుంది. కానీ అమెరికాలో చాలా యూనివర్సిటీలు అడిగేది తేదీలు, డాక్టర్ సంతకం ఉన్న కాగితం. నేనది లేకుండానే దిగాను. రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పడింది, అంటే కాగితం ఇచ్చేదాకా ఆపేశారు. ఎమ్‌ఎమ్‌ఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) రెండు డోసులూ మళ్ళీ వేయించుకున్నాను. రెండింటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కాబట్టి నెల పైనే ఆగాల్సొచ్చింది. టైటర్ అనే రక్తపరీక్షలో యాంటీబాడీలు కనబడితే ఆ టీకా తప్పుతుందని అప్పుడు నాకు చెప్పినవాళ్ళు లేరు.

అందరూ కంగారుపడేది టీబీ పరీక్ష దగ్గర. చిన్నప్పుడు టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా వేయించుకున్నవాళ్ళకి జబ్బు లేకపోయినా చర్మపరీక్షలో చెయ్యి వాచి పాజిటివ్ అనిపించవచ్చు. బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష ఉంది, దాని పేరు ఇగ్రా. అదే చేయమని అడగండి. అందులోనూ పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనని బెంబేలెత్తకండి. క్రిములు నిద్రాణంగా ఉన్నా అలాగే వస్తుంది. ఎక్స్‌రే తీశాక డాక్టర్ తేలుస్తారు. ఇంకోటి, ఎమ్‌ఎమ్‌ఆర్, టీబీ పరీక్ష ఒకే రోజు చేయించుకోండి. కుదరకపోతే టీకా తర్వాత కనీసం నాలుగు వారాలు ఆగి పరీక్షకు వెళ్ళండి.

టికెట్ కొన్న రోజే టీకాల సంగతి చూడాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు డాక్టర్ని కలిస్తే చాలావరకు అయిపోతాయి. హెపటైటిస్ బి మామూలు కోర్సు మాత్రం మూడు డోసులు, ఆరు నెలలు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో కొన్ని దేశాలకి వెళ్ళేవాళ్ళకి కావాల్సిన ఎల్లో ఫీవర్ టీకా అధీకృత కేంద్రాల్లోనే వేస్తారు, సర్టిఫికెట్ పదో రోజు నుంచే చెల్లుతుంది. 2016 జూలై నుంచి అది జీవితాంతం పనికొస్తుంది. ఆ జ్వరం ఉన్న దేశంలో విమానం మారడానికి ఎక్కువసేపు ఆగినా దాన్ని అడిగే దేశాలున్నాయి, కాబట్టి రూటు కూడా చూసుకోండి.

మందులు చేతిసంచిలో, అసలు ప్యాకింగ్‌లోనే పెట్టుకోండి. ఇన్సులిన్ లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడవవచ్చు. ప్రిస్క్రిప్షన్ మీద బ్రాండుతో పాటు మందు అసలు పేరు రాయించుకోండి. మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు, ఆయాసానికి వాడే సాల్బ్యుటమాల్‌ని ఆల్బ్యుటెరాల్ అంటారు. దగ్గు, నొప్పి మందులే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. వాటిలో కొన్నింట్లో ఉండే కోడీన్, ట్రమడాల్ మీద యూఏఈలో గట్టి ఆంక్షలున్నాయి.

ఇక పాతకాపుల్లో, అంటే నాలాంటివాళ్ళలో, ఒక జబ్బుంది. ఏళ్ళు గడిచాక సెలవులకి ఇండియా వెళ్తూ "పుట్టి పెరిగిన చోటే కదా, నాకేమవుతుంది" అనుకుంటాం. మలేరియాకి ఒంట్లో ఏ కాస్త తట్టుకునే శక్తి ఉన్నా కొన్నేళ్ళకి కరిగిపోతుంది. బయట పుట్టిన పిల్లలకైతే అదీ ఉండదు. టైఫాయిడ్ ఇంజెక్షన్ రెండు వారాల ముందే పడాలి. మలేరియా రాకుండా వేసుకునే మాత్ర డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఇల్లు చేరాం కదా అని మధ్యలో ఆపేసేవాళ్ళే ఎక్కువ. ఆ తర్వాత కొన్ని నెలల లోపు జ్వరం వస్తే ఏ దేశం వెళ్ళొచ్చారో డాక్టర్‌కి మొదటే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి.