డాక్టర్ ఫీల్‌గుడ్ బృందం మంచి ఊపులో ఉండగానే ఎందుకు చీలిపోయింది?

1976లో బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరిన ఇంగ్లండ్ రాక్ బృందం డాక్టర్ ఫీల్‌గుడ్ మరుసటి ఏడాదికే ఎందుకు చీలిపోయిందని మీరు అడిగారు. ఒక్క పాట మీద వచ్చిన తగవే కారణమని చాలామంది అంటారు. పాటలు రాసే భారమంతా దాదాపు ఒక్కడి భుజాల మీదే ఉండడం అసలు కారణమని నేను నమ్ముతాను.

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో వాళ్ల సొంత ఊరైన కాన్వీ ద్వీపాన్ని చూశాను. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట, చమురు ట్యాంకుల పక్కన ఉన్న ఆ ఊళ్లోనే గాయకుడు లీ బ్రిల్లో, గిటారిస్టు విల్కో జాన్సన్, బేస్ గిటార్ వాయించే జాన్ స్పార్క్స్, డ్రమ్మర్ బిగ్ ఫిగర్ కలిసి 1971లో ఈ బృందాన్ని కట్టారు. రాక్ సంగీతం పెద్ద వేదికలకూ సుదీర్ఘమైన వాయిద్య ప్రదర్శనలకూ అలవాటు పడిన ఆ కాలంలో, వీళ్లు లండన్ పబ్బుల్లో జనానికి అతి దగ్గరగా నిలబడి, చిన్న చిన్న పాటలను పదునుగా, వేగంగా వాయించారు. విల్కో పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) వాడకుండా చేతివేళ్లతోనే టెలికాస్టర్ గిటార్‌పై తాళాన్నీ స్వరాన్నీ ఒకేసారి పలికించేవాడు. గిటార్ నేర్చుకున్నవాడిగా చెబుతున్నాను, వినడానికి తేలికగా అనిపించే ఆ పద్ధతి చేతికి లొంగడం చాలా కష్టం.

మొదటి స్థానం పొందిన 'స్టుపిడిటీ' ప్రత్యక్ష ప్రదర్శనల రికార్డింగు. ఆ తరువాతి ఆల్బమ్‌కు కొత్త పాటలు కావాలి, వాటిని ప్రధానంగా రాయవలసినవాడు విల్కో. పైగా మిగతావారు మద్యం ప్రియులు, అతను ఆ రోజుల్లో తాగేవాడు కాదు, కాబట్టి పర్యటనల్లో దూరం పెరుగుతూ వచ్చింది. బృందం బయటి సంగీతకారుడు లూ లూయిస్ రాసిన 'లక్కీ సెవెన్' పాటను 1977 ఆల్బమ్‌లో చేర్చాలా వద్దా అన్న వాదన ఆ దూరాన్ని బయటపెట్టింది, విల్కో బృందానికి దూరమయ్యాడు.

మా స్నేహితుల చిన్న బృందంలోనూ పాటలన్నీ ఒకడే రాసేవాడు. అతని ఆలస్యం మాకు అహంకారంలా కనిపించింది, మా తొందర అతనికి కృతఘ్నతలా తోచింది. అందుకే ఫీల్‌గుడ్ విషయంలో ఒకరినే దోషిగా నిలబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

విల్కో స్థానంలో జిపీ మేయో గిటారిస్టుగా వచ్చాక 1979లో బృందం పాట 'మిల్క్ అండ్ ఆల్కహాల్' బ్రిటన్ పట్టికలో మొదటి పది పాటల్లో నిలిచింది. అయినా పాత నలుగురి మధ్య ఉన్న బిగువు వేరు. అది తెలియాలంటే ముందుగా 'స్టుపిడిటీ'ని, ఆపైన 1975లో మోనోలో (స్టీరియో కాకుండా ఒకే ధ్వని మార్గంలో) వెలువడిన 'డౌన్ బై ది జెట్టీ' ఆల్బమ్‌ను వినండి.